దీపం ఆరింది, వాల్వ్ మూసుకోలేదు

మా మామకి బంగారుపాళ్యం పక్కన రెండెకరాల టమాటా తోట ఉంది. 900 అడుగుల బోరు, దానికి ఫోన్‌తో నడిచే స్టార్టర్. పోయిన వేసవిలో ఒకరోజు రాత్రి 9 గంటలకు మంచం మీద నుంచే ఆఫ్ నొక్కాడు, "మోటారు ఆగింది" అని మెసేజ్ వచ్చింది, ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారుజామున డైరీకి పాలు పోయడానికి పోతున్న పక్కతోటాయన తలుపు కొట్టి, "ఏం మామా, టమాటా పీకేసి వరి నాటతా ఉండావా?" అన్నాడంట. పోయి చూస్తే సాళ్లన్నీ నీళ్లు. అప్పటికే బోరులో నీళ్లు అయిపోయి, మోటారు ఉత్తిగా తిరిగి తిరిగి వైండింగ్ కాలిపోయింది. దాన్ని పైకి లాగి, చుట్టించి, మళ్లీ దించేసరికి 20 వేల పైన అయింది.

నేను రేణిగుంటలో ప్యానెల్ బోర్డులు చేసే షెడ్‌లో పనిచేస్తాను కాబట్టి ఆ స్టార్టర్ డబ్బా విప్పే పని నా నెత్తిన పడింది. విప్పితే కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే, తీసే స్విచ్) పాయింట్లు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగించాల్సి వచ్చింది. ఆఫ్ నొక్కినప్పుడు ఆ డబ్బా చేసిందల్లా ఆ పాయింట్లను కలిపి పట్టుకునే కాయిల్‌కి పోయే సప్లై తీసేయడమే. సప్లై తీశాను కాబట్టి పాయింట్లు విడిపోయి ఉంటాయి, పాయింట్లు విడిపోయాయి కాబట్టి మోటారు ఆగిపోయి ఉంటుంది, ఇదీ దాని లెక్క. ఆ లెక్క నమ్ముకుని మెసేజ్ పంపేసింది. అది చెప్పగలిగింది "ఆపమని చెప్పాను" అని మాత్రమే, కానీ "ఆగింది" అని చెప్పింది. మామకి ఈ తేడా చెబితే ఒప్పుకోలేదు. "ఆగిందని అదే చెప్పింది కదరా, మళ్లా లేసి యాడికి పోయేది?"

ఈ మామ మాటే 1979లో అమెరికాలో ఒక అణు విద్యుత్ కేంద్రంలో డ్యూటీలో ఉన్నవాళ్లు కూడా అని ఉంటారు, వాళ్ల ఇంగ్లీషులో. అక్కడ కాలింది వైండింగ్ కాదు, రియాక్టర్ గుండెకాయలో సగం. ఆ తర్వాత ప్రపంచమంతా అణు భద్రత రూల్సు ఎట్లా మారాయో, మారినా ఏవి మారలేదో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తిరుపతిలో కూర్చుని మనకెందుకీ గోల అంటారేమో, గాలి మార్గాన లెక్కేస్తే తమిళనాడులోని కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం మనకు 150 కిలోమీటర్ల లోపే. అదీకాక మీరు పోయిన నెల తీయించుకున్న ఎక్స్‌రేకి కూడా ఈ కథతో సంబంధం ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

త్రీ మైల్ ఐలాండ్ అంటే పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్క్వెహానా నది మధ్యలో ఉన్న దీవి. అక్కడి రెండో యూనిట్ వాణిజ్యపరంగా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలే. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. రియాక్టర్ వేడిని తీసుకుపోయే రెండో సర్క్యూట్‌కి నీళ్లు తోడే పంపులు ఆగిపోయాయి, దాంతో టర్బైన్ ఆగింది. వేడి పోయే దారి లేక రియాక్టర్‌లో ఒత్తిడి పెరిగింది, పైనున్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆవిరి వదిలింది, కొన్ని సెకన్లలో రియాక్టర్ తనంతట తానే ఆగిపోయింది. ఇంతవరకు అన్నీ చేయాల్సిన పని చేశాయి.

ఇక్కడ ఒక సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. రియాక్టర్ ఆగడమంటే గ్యాస్ స్టవ్ కట్టేసినట్టు కాదు. కట్టెల పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశాక కూడా నిప్పులు చాలాసేపు సంగటి కుండ అడుగు మాడ్చగలవు కదా, అట్లా. ఆపిన వెంటనే కూడా ఇంధనం నుంచి మామూలు వేడిలో 6 శాతం దాకా వస్తూనే ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. 6 శాతమే కదా అనిపిస్తుంది, కానీ 900 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో అది ఉక్కును కరిగించడానికి సరిపోయే వేడి. కాబట్టి ఆపాక కూడా నీళ్లు తిరుగుతూనే ఉండాలి. అణు ప్రమాదాల కథలన్నీ చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వస్తాయి, ఆపాక నీళ్లు అందాయా లేదా.

ఒత్తిడి దిగగానే ఆ రిలీఫ్ వాల్వ్ మూసుకోవాలి. మూసుకోలేదు, ఇరుక్కుపోయింది. మన ఇంట్లో కుక్కర్ వెయిట్ లేచి మళ్లీ కూర్చోకపోతే లోపలి నీళ్లన్నీ ఆవిరై పోయి పప్పు మాడిపోతుందే, సరిగ్గా అదే. కంట్రోల్ రూమ్‌లో ఆ వాల్వ్‌కి ఒక దీపం ఉంది, అది ఆరిపోయింది. ఆపరేటర్లు దీపం ఆరింది కాబట్టి వాల్వ్ మూసుకుంది అనుకున్నారు. అయితే ఆ దీపానికి వైరు వచ్చింది వాల్వ్ నుంచి కాదు, వాల్వ్‌ని కదిలించే సోలినాయిడ్‌కి పోయే కరెంటు నుంచి. మూసుకోమని ఆర్డర్ వెళ్లిందని మాత్రమే ఆ దీపానికి తెలుసు.

ప్యానెల్ పని చేసేవాడిగా చెబుతున్నాను, ఇది తెలివితక్కువతనం కాదు, రోజూ జరిగేదే. కాయిల్ టెర్మినల్ నుంచి దీపానికి వైరు లాగితే పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నిజంగా మూసుకుందో లేదో చూపించాలంటే వాల్వ్ దగ్గరే ఒక స్విచ్ పెట్టి, అక్కడి నుంచి కంట్రోల్ రూమ్ దాకా కేబుల్ లాగాలి. మా షెడ్‌లో కూడా కస్టమర్ గట్టిగా అడిగితే తప్ప ఆ పని చేయం. పైగా త్రీ మైల్ ఐలాండ్‌లో ఆ దీపం కూడా మొదట్లో లేదు. అంతకుముందు ఏడాది అదే వాల్వ్ ఒకసారి తెరుచుకుని గోల చేస్తే, ఆ తర్వాత పెట్టారు. జబ్బుకి మందిచ్చారు, మందు సగమే ఇచ్చారు.

దీపం ఒక్కటే అయితే బయటపడే దారులు ఉండేవి. వాల్వ్ తర్వాతి పైపులో ఉష్ణోగ్రత చూపించే మీటర్ ఉంది, వేడి ఆవిరి పోతూ ఉంటే అది ఎక్కువ చూపించాలి, చూపించింది కూడా. కానీ ఆ వాల్వ్ అంతకుముందు వారాల నుంచీ కొద్దిగా కారుతూనే ఉంది కాబట్టి ఆ మీటర్ ఎప్పుడూ ఎక్కువే చూపించేది, ఎవరూ పట్టించుకోలేదు. రోజూ అరిచే కుక్క దొంగ వచ్చినప్పుడు అరిస్తే ఎవరు లేస్తారు? వదిలిన నీళ్లు పోయి చేరే ట్యాంకు మీటర్ ఉంది, అది ప్యానెల్ వెనక ఉంది, నిలబడిన చోటు నుంచి కనపడదు. ఆపదలో నీళ్లిచ్చే ఇంకో పంపుల లైనులో రెండు వాల్వులు, ముందు జరిగిన టెస్టింగ్ తర్వాత మూసేసి తెరవడం మరిచారు. పంపులు తిరుగుతున్నాయి, నీళ్లు పోవడం లేదు, మామ మోటారులాగే. ఆ వాల్వులు మూసి ఉన్నాయని చెప్పే దీపాల్లో ఒకదాని మీద మెయింటెనెన్స్ ట్యాగ్ వేలాడుతూ కప్పేసింది. ఎనిమిది నిమిషాలకి ఎవరో చూసి తెరిచారు.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. రియాక్టర్‌లో నీళ్లు తగ్గుతున్నాయని గుర్తించి అత్యవసర పంపులు వాటంతట అవే మొదలై నీళ్లు పంపడం మొదలుపెట్టాయి. వాటిని అలా వదిలేసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే వచ్చేది కాదు. ఆపరేటర్లు అయిదు నిమిషాల లోపే ఒక పంపు ఆపేసి, రెండోదాన్ని బాగా తగ్గించేశారు. ఎందుకంటే రియాక్టర్‌కి కలిపి పైనున్న, ఒత్తిడిని అదుపు చేసే ట్యాంకులో మట్టం పెరుగుతున్నట్టు మీటర్ చూపిస్తోంది, ఆ ట్యాంకు నిండా నీళ్లు పట్టేస్తే ప్రమాదం అని వాళ్లకు ట్రైనింగ్‌లో నూరిపోశారు. మట్టం ఎందుకు పెరిగిందంటే, పొయ్యి మీద పాలు చూడండి, పొంగినప్పుడు గిన్నె నిండిపోతుంది, పాలు ఎక్కువయ్యాయా? లోపల బుడగలు లేచి పైకి తోశాయి అంతే. రియాక్టర్‌లో కూడా వాల్వ్ నుంచి ఒత్తిడి పోతూ ఉంటే నీళ్లు మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి, అవి నీళ్లను పై ట్యాంకులోకి తోశాయి. కింద ఇంధనం దగ్గర నీళ్లు అయిపోతున్నాయి, పైన మీటర్ నిండుగా ఉందంటోంది. ఇంధనం మీద నీళ్లు ఎంతవరకు ఉన్నాయో నేరుగా చెప్పే మీటర్ ఆ రియాక్టర్‌లో లేనే లేదు.

కాసేపటికి పెద్ద పంపులు అదరడం మొదలైంది. బోరు గాలి లాగితే మోటారు ఎట్లా అదురుతుందో మన జిల్లాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, నీళ్లు లేవని అర్థం. వాళ్లు పంపులు పాడైపోతాయని వాటిని కూడా ఆపేశారు. మొదటి నిమిషాల్లోనే 100కి పైగా అలారాలు ఒకేసారి మోగాయి, వాటిలో ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పే ఏర్పాటు లేదు, అలారాలు అచ్చువేసే ప్రింటర్ వెనకబడిపోయింది. ఆ అలారం బోర్డు తీసి అవతల పారేయాలనిపించింది, దానివల్ల పనికొచ్చే సంగతి ఒక్కటీ తెలియలేదు అని ఒక ఆపరేటర్ తర్వాత విచారణలో చెప్పాడు.

రెండు గంటల పైన గడిచాక, 6.20 దాటాక, తర్వాతి షిఫ్ట్‌కి వచ్చిన సూపర్‌వైజర్ ఒకాయన ఆ పైపు వేడి చూసి, ఆ రిలీఫ్ వాల్వ్ వెనకున్న ఇంకో వాల్వ్ మూసేయమన్నాడు. మూయగానే కారడం ఆగింది. రాత్రంతా దానితోనే కుస్తీ పట్టినవాళ్లకు కనపడనిది, బయటి నుంచి వచ్చిన మనిషికి కనపడింది. మామ తోటలో కూడా పాలు పోయడానికి పోతున్నాయనే కదా చూసింది.

అప్పటికే ఆలస్యమైంది, ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది. ఎంత కరిగిందో అప్పుడు ఎవరికీ తెలియదు, ఊహలే. 1982లో కెమెరా లోపలికి దించి చూస్తే (మనవాళ్లు ఎండిన బోరులోకి దించుతారే, అట్లా) ఇంధనం ఉండాల్సిన చోట పైన ఖాళీ, కింద రాళ్లకుప్పలాంటి శిథిలాలు కనిపించాయి. బయటి జనానికి జరిగిన హాని మాత్రం తక్కువ. చుట్టుపక్కల దాదాపు 20 లక్షల మందికి సగటున తగిలిన రేడియేషన్ ఒక ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువని లెక్కతేల్చారు. లోపలి భాగాలన్నిటినీ చుట్టిన కాంక్రీటు గోపురం తన పని తను చేసింది. అయినా గర్భిణులు, చిన్నపిల్లలు అయిదు మైళ్ల అవతలికి పొమ్మని గవర్నర్ చెప్పాడు, చెప్పించుకోని వాళ్లతో కలిపి లక్షకు పైగా జనం ఇళ్లు వదిలారు. శుభ్రం చేయడానికి 1993 దాకా పట్టింది, దాదాపు 100 కోట్ల డాలర్లు ఖర్చయింది.

మొదట్లో అందరూ అన్న మాట "ఆపరేటర్ల తప్పు". కరెంటు పోతే లైన్‌మన్‌ని తిట్టినట్టు. ప్రెసిడెంట్ కార్టర్ వేసిన కమిషన్‌కి జాన్ కెమెనీ అధ్యక్షుడు, ఆయన గణితం మనిషి, డార్ట్‌మౌత్ కాలేజీకి అధిపతి, బేసిక్ అనే కంప్యూటర్ భాషను పుట్టించినవాళ్లలో ఒకడు. అణు పరిశ్రమ మనిషి కాకపోవడమే మంచిదైంది. అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఆయన వేలు ఆపరేటర్ల దగ్గర ఆగలేదు. వాళ్లకి ఆ ట్రైనింగ్ ఇచ్చిందెవరు, ఆ కంట్రోల్ రూమ్ గీసిందెవరు, దానికి సరేనని సంతకం పెట్టిందెవరు అని పైకి పైకి అడుగుతూ పోయి నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ దాకా పోయింది.

ఆ నివేదికలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి ఒకటుంది. 1977 సెప్టెంబరులో, అంటే ఏడాదిన్నర ముందు, ఒహాయోలోని డేవిస్-బెస్సే కేంద్రంలో, అదే కంపెనీ రియాక్టర్‌లో, అదే రకం రిలీఫ్ వాల్వ్ అట్లాగే తెరుచుకుని ఇరుక్కుంది. ఆపరేటర్లు అదే పొరపాటు చేసి అత్యవసర నీళ్లు తగ్గించారు. అప్పుడు రియాక్టర్ 9 శాతం పవర్ మీదే నడుస్తోంది, 20 నిమిషాల్లో కనిపెట్టి మూశారు, బతికిపోయారు. రియాక్టర్ కట్టిన కంపెనీలో ఒక ఇంజనీరు 1978 ఫిబ్రవరిలో మెమో రాశాడు, ఆపరేటర్లు ఇట్లా పంపులు ఆపకుండా గట్టిగా చెప్పండి అని. ఆ మెమో ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకో డిపార్ట్‌మెంట్‌కి పోయింది, అక్కడ ఏవో సందేహాలొచ్చాయి, ఆగిపోయింది. త్రీ మైల్ ఐలాండ్ వాళ్లకు ఆ మాట చేరనే లేదు. ప్రభుత్వాఫీసులో ఫైలు తిరగడం మనకు తెలిసిన విద్యే కానీ, అమెరికా ప్రైవేటు కంపెనీలో కూడా ఫైలు అట్లాగే తిరుగుతుందని దీన్ని చదివాకే నాకు తెలిసింది.

అందుకే ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో కాంక్రీటు, ఇనుము తక్కువ, మాట చేరేలా చూసేవి ఎక్కువ. రిలీఫ్ వాల్వ్ నిజంగా తెరిచుందో మూసుందో నేరుగా చూపాలని రూలు వచ్చింది. ఇంధనం మీద నీళ్లు సరిపడా ఉన్నాయో లేవో చెప్పే మీటర్లు పెట్టమన్నారు. కంట్రోల్ రూముల్ని మనిషి కన్ను, చెయ్యి, కంగారు లెక్కలోకి తీసుకుని మళ్లీ పరీక్షించమన్నారు. ముందు ఎమర్జెన్సీ పుస్తకాలు "ఫలానా పైపు పగిలితే ఇది చెయ్యి" అని ఉండేవి, కానీ ఏ పైపు పగిలిందో ముందే తెలిస్తే కదా! వాటిని తిప్పి "ఒత్తిడి ఇంత, వేడి ఇంత ఉంటే ఇది చెయ్యి, కారణం తర్వాత వెతుక్కో" అని రాయించారు. జ్వరం వచ్చిన పిల్లని తీసుకుపోతే తిరుపతి రుయా ఆస్పత్రి ఎమర్జెన్సీలో ముందు ఊపిరి, నాడి చూస్తారు, ఏ వైరస్ అని అడుగుతూ కూర్చోరు. నాకు ఈ మార్పు అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది, పేపర్లలో మాత్రం దీని గురించి ఎక్కడా కనపడదు.

సిమ్యులేటర్ల మీద ట్రైనింగ్ పెరిగింది. ఎన్‌ఆర్‌సీ ఇన్‌స్పెక్టర్లు ప్రతి కేంద్రంలోనే మకాం ఉండే పద్ధతి, అప్పటికే కొన్నిచోట్ల మొదలైంది, అన్నిచోట్లకీ వచ్చింది. అన్ని కేంద్రాల్లో జరిగే చిన్నాపెద్దా తేడాలన్నీ ఒకచోట కూర్చుని చదవడానికే ఎన్‌ఆర్‌సీలో ఒక విభాగం పెట్టారు, అంటే ఆ ఫిబ్రవరి మెమో లాంటిది మళ్లీ దారిలో చచ్చిపోకుండా. కరెంటు కంపెనీలన్నీ కలిసి 1979 డిసెంబరులో ఇన్‌పో అనే సంస్థ పెట్టుకున్నాయి, ఒకరి కేంద్రాన్ని ఇంకొకరు వచ్చి చూసి మార్కులేసే ఏర్పాటు. మంచితనంతో కాదు, ఒక్కడు మునిగితే అందరం మునుగుతామని. 1986లో చెర్నోబిల్ తర్వాత అదే ఆలోచన ప్రపంచానికి పాకి 1989లో వానో అయింది, మన అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ కూడా అందులో సభ్యురాలు.

అయితే కెమెనీ ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని అందరూ సౌకర్యంగా మరిచిపోయారు. రూల్సు ఎంత పెరిగాయంటే, రూలు పాటించడమే భద్రత అనుకునే దాకా వచ్చారు, ఇట్లా గుట్టలుగా పేరుకున్న రూల్సే భద్రతకి అడ్డం అవ్వొచ్చు అన్నాడు. అర్థమైందా? రూలు పాటించామని సంతకం పెట్టిన కాగితం కూడా ఆ దీపం లాంటిదే. అది చెప్పేది చేయమన్నారని, చేశారని కాదు. ఈ మాట విన్నాక కూడా అమెరికా వేల పేజీల కొత్త రూల్సు రాసింది, కొన్ని అవసరం, కొన్ని కాగితం మీద కాగితం. కొత్త రియాక్టర్లు ఆగిపోయింది త్రీ మైల్ ఐలాండ్ వల్లే అని చెప్పేవాళ్లుంటారు, నిజానికి ఆర్డర్లు తగ్గడం అంతకు కొన్నేళ్ల ముందే మొదలైంది.

కాగితానికీ పనికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలియాలంటే ఒక కొవ్వొత్తి కథ చెప్పాలి. 1975 మార్చిలో అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో గోడలోని కేబుల్ సందుల నుంచి గాలి కారుతోందా అని ఒక పనివాడు కొవ్వొత్తి వెలిగించి చూశాడు (మంట వంగితే గాలి కారుతున్నట్టు, మనం సైకిల్ ట్యూబు పంక్చర్ నీళ్లలో చూసినట్టు). పక్కనున్న ఫోమ్ అంటుకుంది. 1,600కి పైగా కేబుళ్లు కాలాయి. ఒక వ్యవస్థ పోతే ఆదుకోవాల్సిన రెండో వ్యవస్థ కేబుళ్లు కూడా ఆ పక్కనే పోతున్నాయి, రెండూ కాలాయి. దాని తర్వాత అమెరికాలో కేబుళ్లు విడివిడిగా పోవాలి, మధ్యలో మంట ఆపే అడ్డు ఉండాలి అని కఠినమైన రూల్సు వచ్చాయి.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 1993 మార్చి 31 తెల్లవారుజామున, ఉత్తరప్రదేశ్‌లోని మన నరోరా కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు రెండు విరిగాయి. మిషన్ అదిరి, జనరేటర్‌ని చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి అంటుకుంది, దానికి నూనె తోడైంది. మంట కేబుళ్ల దారి పట్టింది, అసలు కరెంటు కేబుళ్లతో పాటు బ్యాకప్ కేబుళ్లు కూడా కాలిపోయాయి. 17 గంటలు కేంద్రమంతా కరెంటు లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ వచ్చి బయటికి రావాల్సి వచ్చింది. రియాక్టర్ వెంటనే ఆపేశారు, కానీ అది మళ్లీ మొదలవకుండా ఉండాలని కొందరు టార్చి లైట్లు పట్టుకుని చీకట్లో పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ కలిపారు. వేడి తీయడానికి డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో నీళ్లు పంపారు, పొలంలో కరెంటు పోతే డీజిల్ ఇంజన్ తెచ్చినట్టు. రేడియేషన్ బయటికి రాలేదు. అణు ఘటనల తీవ్రత కొలిచే అంతర్జాతీయ స్కేలు మీద 3వ స్థాయి ఘటనగా నమోదైంది. ఆ టార్చి లైట్ల మనుషులకు మనం చెప్పుకునే కథల్లో ఇంకా చోటు దొరకలేదు, అది నా బాధ. బ్రౌన్స్ ఫెర్రీ పాఠం నరోరా గోడల్లోకి ఎందుకు చేరలేదన్నది నా కోపం.

జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం గురించి అందరికీ సునామీ ఒక్కటే గుర్తుంటుంది. 2011 మార్చి 11న వచ్చిన అల దాదాపు 15 మీటర్లు, కేంద్రం లెక్క వేసుకున్నది 5.7 మీటర్లు, సరే. నాకు ఒకటో యూనిట్‌లో జరిగింది ఎక్కువ గుర్తుంటుంది. కరెంటు లేకుండా కూడా రియాక్టర్‌ని చల్లబరచగల కండెన్సర్ అక్కడ ఉంది. బ్యాటరీలు మునిగిపోగానే దాని వాల్వులు మూసుకుపోయాయి, దీపాలు ఆరిపోయాయి. అది మూసుందో తెరిచుందో తెలియదు. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లలో దాన్ని నిజంగా నడిపి చూసినవాళ్లు లేరు. ఎమర్జెన్సీ ఆఫీసులో కూర్చున్నవాళ్లు అది పనిచేస్తోందనే అనుకుంటూ గంటలు గడిపారు. రాత్రికి నీటి మట్టం మీటర్‌కి కరెంటు తెచ్చి చూస్తే ఇంధనం పైన నీళ్లున్నాయని చూపించింది. అది తప్పు, ఇంధనం అప్పటికే బయటపడి ఉంది. దీపం చెప్పని వాల్వ్, మట్టం తప్పు చెప్పే మీటర్: 32 ఏళ్ల తర్వాత, ఇంకో దేశంలో, ఇంకో రకం రియాక్టర్‌లో, అదే రెండు.

అక్కడ పర్యవేక్షించాల్సిన నీసా అనే సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే ఉండేది. జపాన్ పార్లమెంటు వేసిన విచారణ కమిషన్ ఇది మనుషులు చేసిన విపత్తు అని తేల్చింది, నియంత్రించేవాళ్లు కంపెనీ చేతిలో పడిపోయారంది. 2012 సెప్టెంబరులో నీసాను తీసేసి కొత్త సంస్థ పెట్టారు. అల్లుడు పిల్లనిచ్చిన మామ షాపు మీద దాడి చేసే శానిటరీ ఇన్‌స్పెక్టర్ అయితే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది ముందు ఏర్పాటు.

మన సంగతికి వద్దాం. 1983 నవంబరు 15న ప్రభుత్వం అణు భద్రతను చూసే ఏఈఆర్‌బీని (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టింది. చట్టంతో పుట్టిన సంస్థ కాదు, 1962 అణుశక్తి చట్టం కింద ఇచ్చిన ఆర్డర్‌తో పుట్టింది. అది రిపోర్టు చేసేది అణుశక్తి కమిషన్‌కి, ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి, రియాక్టర్లు కట్టి నడిపే ఎన్‌పీసీఐఎల్ ఆ శాఖ కిందిదే. నీసా కథ విన్నాక ఇది ఇంకోసారి చెప్పక్కర్లేదు. 2011లో స్వతంత్ర సంస్థ కోసం బిల్లు పెట్టారు, 2014లో లోక్‌సభతో పాటే అది మురిగిపోయింది. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త అణుశక్తి చట్టంతో ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా వచ్చింది, దాంతోపాటు ప్రైవేటు కంపెనీలకు తలుపూ తెరుచుకుంది. హోదా వచ్చిందన్నది దీపం. వాల్వ్ ఎట్లా ఉందో తెలియాలంటే, పెద్ద కంపెనీ రియాక్టర్‌ని ఒక ఇన్‌స్పెక్టర్ ఆపేయమన్నప్పుడు అది ఆగుతుందా, ఆ రిపోర్టు మనం చదవగలమా అన్నది చూడాలి.

ఇప్పుడు మీ ఎక్స్‌రే. ఆస్పత్రుల్లో ఎక్స్‌రే, సీటీ మిషన్లకు లైసెన్సు ఇచ్చేది కూడా ఏఈఆర్‌బీనే, తలుపు మీద మూడు రెక్కల గుర్తు ఉంటుందే, ఆ రూమ్. 2012లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 57,443 మెడికల్ ఎక్స్‌రే యూనిట్లుంటే 5,270 మాత్రమే రిజిస్టర్ అయ్యాయి, 91 శాతం ఏఈఆర్‌బీ చూపులోనే లేవు. దేశానికి ఒక రేడియేషన్ భద్రతా విధానం రాయమని 1983లోనే చెబితే అప్పటికీ రాయలేదని కూడా కాగ్ అంది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ చేశారు, చాలా మారింది. కానీ రియాక్టర్ల భద్రత గురించి అడిగినప్పుడల్లా "రూల్సున్నాయి" అని చెప్పేవాళ్లకు ఈ 91 గుర్తుచేయాలనిపిస్తుంది.

నేను అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కాదు, బొగ్గు పొగ చేసే చావుల లెక్క వేసుకున్నాకే ఈ మాట అంటున్నాను. 2004 డిసెంబరు 26న సునామీ కల్పాక్కం పంప్‌హౌస్‌లోకి వచ్చినప్పుడు నడుస్తున్న రెండో యూనిట్‌ని ఆపరేటర్లు ఆపేశారు, ఏ హానీ లేకుండా ఆగింది, కొద్ది రోజులకే మళ్లీ నడిచింది. టౌన్‌షిప్‌లో మాత్రం సిబ్బంది కుటుంబాల్లో మనుషులు పోయారు. ఫుకుషిమా తర్వాత మన కేంద్రాలన్నిటిలో బయటి నుంచి ట్యాంకరో ఫైరింజనో తెచ్చి నీళ్లెక్కించే కనెక్షన్లు పెట్టారు, ఇది నిజంగా పనికొచ్చే మార్పు. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ తర్వాత ఎమర్జెన్సీ ప్లాన్ 10 మైళ్ల దాకా ఉండాలన్నారు, మన దగ్గర లెక్క 16 కిలోమీటర్లు, దాదాపు ఒకటే. తిరుపతి, చిత్తూరు ఆ గీతకి ఎంతో దూరం. కల్పాక్కం పేరు వినగానే టెన్షన్ పడేవాళ్లకి ఇది చెబుతూ ఉంటాను.

మామ స్టార్టర్‌కి కొత్త కాంటాక్టర్ వేసి, మోటారు లాగే కరెంటుని కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి తగిలించాను. ఆంపియర్లు సున్నా అయితేనే "ఆగింది" అని మెసేజ్ పోతుంది. గర్వంగా చెప్పాను. మామ కాసేపు చూసి, "ఆ వైరు ఊడిపోతే?" అన్నాడు. ఊడితే కూడా సున్నానే చూపిస్తుంది, అంటే మోటారు తిరుగుతున్నా ఆగిందనే చెబుతుంది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తట్టలేదు. మళ్లీ విప్పి కాంటాక్టర్ మీద ఇంకో స్విచ్ కలిపాను, రెండూ ఒకే మాట చెబితేనే "ఆగింది", మాట తేడా వస్తే "పోయి చూడు" అని మెసేజ్.

"పోయి చూసేదానికి ఈ ఫోనెందుకురా?" అన్నాడు మామ.